చిన్న కాలిన గాయం, రక్తంలో క్రిమి లేదు, అయినా పాప ఐసీయూ దాకా ఎందుకు వెళ్ళింది?

మేనమామ_తణుకు:

నమస్కారమండీ. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. మా అక్క కూతురికి రెండున్నరేళ్ళు. పదమూడు రోజుల కిందట మా అమ్మ టీ గ్లాసు అరుగు మీద పెట్టి ఇటు తిరిగేసరికి పిల్ల దాన్ని లాగి మీద పోసుకుంది. ఎడం చెయ్యి, ఛాతీ మీద కొంచెం. నాలుగు శాతం కాలిందన్నారు, అంటే పిల్ల అరచెయ్యి వేళ్ళతో సహా నాలుగుసార్లు ఆనిస్తే ఎంతో అంత. కట్టు కట్టి ఇంటికి పంపించేశారు. రెండు రోజులు బానే ఆడుకుంది. మూడో రోజు రాత్రి 103 జ్వరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు. తెల్లారేసరికి ఒళ్ళంతా ఎర్రగా, మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చినట్టు కందిపోయింది.

దగ్గర్లో చూపిస్తే వైరల్ అన్నారు. ఇంకోచోట డెంగీ అన్నారు. ఎన్‌ఎస్‌1 అనే డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చింది కానీ ప్లేట్‌లెట్లు 85 వేలే ఉన్నాయని, డెంగీయే అయ్యుంటుందని ఒక పూటంతా సెలైన్ ఎక్కించారు. ఇన్ని చోట్ల తిరిగితే చేతి కట్టు విప్పి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రానికి పిల్ల మగతలోకి వెళ్ళిపోయింది, పొద్దున్నుంచీ ఒంటేలు లేదు, కాళ్ళు చేతులు చల్లబడ్డాయి. అంబులెన్స్ మాట్లాడుకుని రాజమండ్రి పరిగెత్తాం. అక్కడ డాక్టరమ్మ గారు రిపోర్టులు పక్కన పడేసి ముందు కట్టు విప్పమన్నారు. చూస్తే పుండు శుభ్రంగా ఉంది, చీము లేదు, వాసన లేదు. అయినా ఆవిడ టాక్సిక్ షాక్ అన్నారు. పుండు కడిగించి, రెండు రకాల యాంటీబయాటిక్స్, బీపీ నిలబెట్టే మందు, పైన ఐవీఐజీ అని ఒక సీసా (బిల్లు చూసి మా బావకి నోట మాట రాలేదు) పెట్టారు. ఐదు రోజులు ఐసీయూ. ఇప్పుడు వార్డులో ఉంది, ఇడ్లీ తింటోంది, గండం గడిచింది.

నా సందేహాలు ఇవీ. రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదు, పుండు స్వాబ్‌లో మాత్రం స్టాఫ్ అని వచ్చింది. రక్తంలో లేని క్రిమి కిడ్నీని, లివర్‌ని ఎలా దెబ్బతీసింది? రెండు, డాక్టరమ్మ గారు "పిల్ల ఇమ్యూనిటీయే పిల్లని ఇంత పని చేసింది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా అక్క, పాపకి ఇమ్యూనిటీ సిరప్ నేనే పట్టాను, నా చేతులతో నేనే చేసుకున్నాను అని ఒకటే ఏడుపు. అందులో నిజం ఉందా? మూడు, ఇది మళ్ళీ వస్తుందా? డాక్టర్లని అడిగితే చెబుతారు గానీ రౌండ్స్‌లో రెండు నిమిషాలు కూడా దొరకట్లేదు.

బర్న్స్‌వార్డు_నైట్‌డ్యూటీ:

తమ్ముడూ, ముందు పాప బాగున్నందుకు సంతోషం. సైన్స్ సంగతి ఇక్కడ పెద్దవాళ్ళు చెబుతారు, నేను వార్డులో చూసింది చెబుతాను. పెద్ద కాలిన గాయాలతో వచ్చిన పిల్లలు మొదటి రోజు నుంచే మా కళ్ళ ముందు ఉంటారు, వాళ్ళ గురించి కాదు నా భయం. ఇలా నాలుగు శాతం, ఐదు శాతం అని ఇంటికి పంపేసిన చంటిపిల్లలు, నాలుగేళ్ళ లోపువాళ్ళు, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య జ్వరంతో తిరిగొస్తే మాత్రం నా గుండె దడదడలాడుతుంది. జ్వరం, ఒంటి మీద ఎరుపు, వాంతులో విరేచనాలో, పిల్ల ఎప్పట్లా లేకపోవడం. వీటిలో రెండు కలిస్తే అర్ధరాత్రయినా సరే డ్యూటీ డాక్టర్‌ని లేపుతాను, తిట్టినా పర్వాలేదు. పుండు శుభ్రంగా ఉంది కదా అని ఎవరైనా అంటే నమ్మను. ఈ జబ్బులో పుండు చాలాసార్లు అలాగే ముత్యంలా ఉంటుంది.

డెంగీ అనుకోవడంలో వాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం, సీజన్ అలాంటిది, ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడతాయి, బీపీ ఇందులోనూ పడుతుంది. కానీ డెంగీలో మామూలుగా జ్వరం నాలుగైదు రోజులు కాసి, తగ్గే టైములో బీపీ పడుతుంది. మీ పాపకి జ్వరం మొదలైన రోజు తిరక్కుండానే, 103 ఉండగానే పడిపోయింది. పైగా ఒంటి మీద కట్టు ఉంది. కట్టు ఉన్న పిల్లకి జ్వరం వస్తే కట్టు విప్పకుండా ఏ పేరూ పెట్టకూడదు.

ఇంకోటి, ఇది మీ గురించి కాదు, చదివేవాళ్ళ కోసం. కాలగానే టూత్‌పేస్టు, సిరా, ఇడ్లీ పిండి పూసుకుని వస్తున్నారు, అవన్నీ గీకి తీసేసరికి పిల్ల ప్రాణం పోయినంత పనవుతుంది. కుళాయి కింద ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు, ఐసు వద్దు, అంతే.

మైక్రో_మేష్టారు:

మీ మొదటి ప్రశ్న ముడి విడిపోతే మిగతావి వాటంతటవే విడిపోతాయి. క్రిమి వేరు, క్రిమి వదిలే విషం వేరు. మీ రిపోర్టులో స్టాఫ్ అని ఉన్న స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది ఏ అడవిలోంచో వచ్చింది కాదు, ప్రతి పదిమందిలో ముగ్గురి ముక్కులో ఏ గొడవా చెయ్యకుండా కాపురం ఉంటుంది. కాలినచోట చర్మం లేదు, తడి ఉంది, వెచ్చగా ఉంది, రసి ఊరుతోంది. అక్కడ దిగింది. వీటిలో అన్నీ కాదు, కొన్ని జాతులు మాత్రమే టీఎస్‌ఎస్‌టీ-1 అనే ప్రొటీన్‌నో, ఎంటెరోటాక్సిన్-బీ లాంటి దాని చుట్టాల్నో తయారుచేస్తాయి. క్రిమి పుండు దగ్గరే కూర్చుంది, విషం మాత్రం రక్తంలోకి వెళ్ళింది. కల్చర్ అంటే రక్తాన్ని సీసాలో పోసి ఏమైనా పెరుగుతుందేమో చూడటం. విషం పెరగదు కదా. స్టాఫ్ టాక్సిక్ షాక్‌లో నూటికి ఐదుగురికి కూడా రక్తం కల్చర్ పాజిటివ్ రాదు. అదే స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే టాక్సిక్ షాక్ అయితే సగానికి పైగా కేసుల్లో వస్తుంది, అది కండలోకీ రక్తంలోకీ చొరబడే రకం, మనుషులు చనిపోవడం కూడా అందులోనే చాలా ఎక్కువ.

ఇప్పుడు ఆ విషం చేసే పని. ఇది మామూలు విషం కాదు, కణాన్ని నేరుగా చంపదు. మన ఒంట్లో టీ కణాలు అని ఉంటాయి, కోట్లకొద్దీ, ఒక్కోటీ ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టేలా తయారైంది. ఏదైనా క్రిమి వస్తే ఇంకో రకం కణాలు దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కని ఎంహెచ్‌సీ అనే పళ్ళెంలో పెట్టి టీ కణాలకి చూపిస్తాయి. నేను క్లాసులో దీన్ని పెళ్ళిచూపులు అని చెబుతాను. వచ్చిన ప్రతి టీ కణం పళ్ళెంలో ఉన్నదాన్ని చూస్తుంది, జాతకం కలిస్తేనే ఒప్పుకుంటుంది, లేకపోతే కాఫీ తాగి వెళ్ళిపోతుంది. పదివేల కణాల్లో ఒకదానికి కలిస్తే గొప్ప. ఆ ఒక్కటే పిల్లల్ని కని సైన్యమవుతుంది, అందుకే మామూలు జ్వరం నెమ్మదిగా, ఒక లెక్క ప్రకారం నడుస్తుంది.

ఈ టీఎస్‌ఎస్‌టీ-1 వచ్చి ఏం చేస్తుందంటే, పళ్ళెంలో ఏముందో చూడనే చూడదు. రెండు కణాల బయటి అంచులు పట్టుకుని కొంగుముడి వేసేస్తుంది. జాతకం లేదు, కట్నం మాటలు లేవు, ముడి పడింది కాబట్టి పెళ్ళి అయిపోయినట్టే, టీ కణం రెచ్చిపోవడం మొదలెడుతుంది. ఈ విషం చూసేది ఒక్కటే, ఇంటిపేరు. టీ కణం ఆకారాన్ని గుర్తుపట్టే రిసెప్టర్‌లో వీ-బీటా అని ఒక భాగం ఉంటుంది, అందులో రెండు డజన్ల దాకా రకాలుంటాయి. టీఎస్‌ఎస్‌టీ-1 కి వీ-బీటా 2 ఇంటిపేరు ఉంటే చాలు, ఆ ఇంటివాళ్ళందరికీ ఒకేసారి ముడి. పదివేలకి ఒకటి లేవాల్సిన చోట ఒంట్లో ఉన్న టీ కణాల్లో 20 శాతం దాకా ఒకే రోజు లేచి కూర్చుంటాయి. దీన్నే సూపర్ యాంటిజెన్ అంటారు.

లేచిన ప్రతి కణమూ, దాని చెయ్యి పట్టుకున్న అవతలి కణమూ సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాలు, కుమ్మరిస్తాయి. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-2, గామా ఇంటర్‌ఫెరాన్. చిటికెడు అయితే ఇవి మందు. ఇంత మోతాదులో వస్తే మెదడులో జ్వరం మీట పైకి తోస్తాయి, సన్న రక్తనాళాలు జల్లెడలా మారి నీరంతా బయటికి కారిపోతుంది, ఉన్న రక్తానికి నాళాలు వెడల్పయిపోతాయి. అప్పుడు ఎంత సెలైన్ ఎక్కించినా ఒళ్ళు వాస్తుందే గానీ బీపీ నిలవదు. కిడ్నీకి రక్తం అందదు, ఒంటేలు ఆగుతుంది. మీ పాప కిడ్నీని క్రిమి తాకలేదు. దానికి రక్తం అందలేదు, అంతే.

పీజీ_సెకండియర్:

సార్ కొంగుముడి అదిరింది, రేపు సెమినార్‌లో వాడుకుంటాను. ఒక డౌట్. ఇమ్యూనిటీ ఎక్కువైపోవడమే సమస్య అయితే స్టెరాయిడ్ ఇచ్చి అణిచేస్తే సరిపోదా? అలాగే మేం చదివిన ఎండోటాక్సిన్ షాక్ కూడా ఇదేనా?

మైక్రో_మేష్టారు:

రెండూ మంచి ప్రశ్నలే. ఎండోటాక్సిన్ ఇది కాదు. అది ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ క్రిముల గోడలో ఉండే కొవ్వు-చక్కెర పదార్థం, క్రిమి చచ్చి గోడ పగిలినప్పుడు బయటపడుతుంది. అది టీ కణాల జోలికి పోదు, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాల మీదుండే టీఎల్‌ఆర్4 అనే గంట కొడుతుంది. ఆ గంట ఏదో 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకల్లో పట్టుకుంది, దానికి ఆయనకి 2011లో నోబెల్‌లో వాటా వచ్చింది. వేరే వీధిలోంచి వచ్చినా చివరికి తగలబడేది అదే ఇల్లు, అందుకే మంచం పక్కన నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

స్టెరాయిడ్ సంగతి. పుండు దగ్గర కుళాయి విప్పి ఉంది, నువ్వు ఇంట్లో నేల తుడుస్తానంటున్నావు. ముందు కుళాయి కట్టాలి. డాక్టరమ్మ గారు పుండు కడిగించింది అందుకే, పైకి శుభ్రంగా కనిపించినా సరే. రెండు యాంటీబయాటిక్స్ అని మేనమామ గారు రాశారు కదా, అందులో ఒకటి కచ్చితంగా క్లిండామైసిన్ అయ్యుంటుంది. మొదటిది క్రిమి గోడ పగలగొడుతుంది. క్లిండామైసిన్ క్రిమిలో ప్రొటీన్ తయారయ్యే రైబోజోమ్‌నే ఆపుతుంది, విషం కూడా ప్రొటీనే కాబట్టి చచ్చేలోపు ఇంకొంచెం విషం కక్కే అవకాశం దానికి ఉండదు. స్టెరాయిడ్ అనేది బీపీ నిలబెట్టే మందులకి కూడా లొంగని షాక్‌లో కొందరికి ఇస్తారు, ఈ జబ్బుకి మందుగా కాదు.

ట్రయల్స్_కోఆర్డినేటర్_హైదరాబాద్:

క్రిమి లేకుండా కూడా ఇదంతా అయితదా అని ఎవరికన్నా అనుమానం ఉంటే, మా ఫీల్డ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పే కథ ఒకటుంది. 2006 మార్చి, లండన్‌లో నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే మందు మొదటిసారి మనుషులకి ఇచ్చిన్రు. ఎనిమిది మంది ఆరోగ్యమైన కుర్రాళ్ళు, ఆరుగురికి మందు, ఇద్దరికి ఉత్త నీళ్ళలాంటిది. ఆ మందు టీ కణాల మీదుండే సీడీ28 అనే స్విచ్‌ని నేరుగా నొక్కే యాంటీబాడీ. జంతువుల్లో ఏమీ కాని మోతాదులో 500వ వంతే ఇచ్చిన్రు. అయినా గంటన్నర తిరగకముందే తలనొప్పి, వణుకు, వాంతులు మొదలైనయి, ఆరుగురూ ఐసీయూకే పోయిన్రు. అందరూ బతికిన్రు, ఒకతనికి మాత్రం వేళ్ళు పోయినయి. ఒక్క క్రిమి లేదు ఆడ, ఒక్క పుండు లేదు. టీ కణాలని అడగకుండా లేపితే ఏమైతదో అంతే. ఆ తర్వాతే మొదటిసారి మనుషుల మీద చేసే ట్రయల్స్‌లో ఒకరికిచ్చి, ఆగి, చూసి ఇంకొకరికియ్యాలనే పద్ధతి గట్టిపడింది. ఆ రోజు పది పది నిమిషాల తేడాతో వరసగా అందరికీ ఎక్కించేసిన్రు.

అమలాపురం_అత్తయ్య:

బాబూ, మీ అక్కని ఏడవద్దని చెప్పు. అయినా నాకో సందేహం. ఈ మధ్య టీవీలో ఎవరిని చూసినా ఇమ్యూనిటీ పెంచుకోండి అంటారు, మా ఇంట్లో తిప్పతీగ కషాయం రోజూ కాస్తున్నాం. ఎక్కువైతే ఇలా అవుతుందా ఏంటి? మానెయ్యమంటారా?

మైక్రో_మేష్టారు:

అత్తయ్య గారూ, కషాయం మీ ఇష్టం, లివర్ జబ్బు ఉంటే మాత్రం తిప్పతీగ జోలికి పోకండి. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇమ్యూనిటీ అనేది బిందెలో నీళ్ళలా పైకి కిందకీ కొలిచేది కాదు. ఈ పాపకి ఎక్కువైంది ఏమీ లేదు, నిజానికి ఒక్కటి తక్కువైంది. ఈ విషాన్ని పట్టుకుని మడతపెట్టే యాంటీబాడీ. పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి అది ఉంటుంది, ఎప్పుడో ముక్కులోనో చర్మం మీదో ఈ క్రిమితో తెలియకుండా పరిచయం అయిపోయి ఉంటుంది కాబట్టి. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చినవి కొన్ని నెలల్లో తరిగిపోతాయి, సొంతంగా తయారవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ మధ్యలో ఉన్న చంటిపిల్లలే దీనికి చిక్కేది. అదే టీ మీ మీద ఒలికి, అదే క్రిమి మీ పుండులో చేరి ఉంటే మీకు బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ ఐవీఐజీ సీసా ఏంటనుకున్నారు? వేలమంది పెద్దవాళ్ళ రక్తంలోంచి తీసి కలిపిన యాంటీబాడీలు. పాపకి లేనిది ఊళ్ళోవాళ్ళందరి దగ్గరా అప్పు తెచ్చి ఇచ్చినట్టు. మేనమామ గారూ, ఈ ముక్క మీ అక్కకి చదివి వినిపించండి. సిరప్ తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే.

మళ్ళీ వస్తుందా అన్నారు. కొందరి ఒళ్ళు ఒకసారి జబ్బు చేశాక కూడా ఆ యాంటీబాడీ తయారుచెయ్యదు, ఈ విషానికి ఉన్న మాయ అది. మళ్ళీ రావడం ఎక్కువగా చూసింది నెలసరి సమయంలో టాంపూన్లు (లోపల పెట్టుకునే దూది చుట్టలు) వాడిన ఆడవాళ్ళలో. 1978లో డెన్వర్‌లో జేమ్స్ టాడ్ అనే పిల్లల డాక్టరు ఏడుగురు పిల్లల్లో, ఎనిమిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వరకూ, ఈ జబ్బు చూసి టాక్సిక్ షాక్ అని పేరు పెట్టారు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్ళకి అమెరికాలో వందల మంది ఆడవాళ్ళకి రావడంతో గగ్గోలు పుట్టింది, ఎక్కువ పీల్చుకుంటుందని పేరుపడ్డ రిలై అనే టాంపూన్‌ని 1980 సెప్టెంబర్‌లో మార్కెట్ నుంచి తీసేశారు. దాంతో చాలామంది ఇది ఆడవాళ్ళ జబ్బే అనుకుని ఉండిపోయారు, కాలిన పిల్లలూ, ముక్కు ఆపరేషన్ తర్వాత దూది కుక్కించుకున్న మగవాళ్ళూ ఆ లెక్కలో మరుగునపడ్డారు. సూపర్ యాంటిజెన్ అనే పేరు 1989లో పెట్టిన ఫిలిపా మారక్, జాన్ కాప్లర్ దంపతుల ల్యాబూ డెన్వర్‌లోనే ఉండేది. టాడ్ గారి ఆస్పత్రి ఉన్న ఊళ్ళోనే, పదకొండేళ్ళ తర్వాత.

మీ పాప విషయంలో డిశ్చార్జ్ రోజున అడగండి, ఈ విషానికి యాంటీబాడీ పరీక్ష దొరికే చోటుందా అని. దొరికినా ఇప్పుడే చేయించకండి, ఒంట్లో అప్పు తెచ్చిన యాంటీబాడీలున్నాయి, లెక్క తప్పుతుంది. కొన్ని నెలలు ఆగాలి. ఈలోపు చర్మం తెగినా కాలినా తర్వాతి మూడు నాలుగు రోజుల్లో జ్వరం వస్తే, ఎక్కడికెళ్ళినా మొదటి మాటే ఈ చరిత్ర చెప్పండి.

మేనమామ_తణుకు:

అందరికీ దణ్ణాలండీ. మేష్టారూ, మీ అప్పు ముక్క అక్కకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. ఇవాళ్టికి సిరప్ గొడవ ఆగింది. బావ మాత్రం ఊళ్ళోవాళ్ళ దగ్గర తెచ్చిన అప్పుకి వడ్డీ ఆస్పత్రివాళ్ళు వేశారు అంటున్నాడు.

నర్సు అక్క గారూ, ఇవాళ పొద్దున కొత్తగా ఇంకోటి మొదలైంది. పాప బొటనవేలి చివర చర్మం తెల్లగా లేచింది, చూస్తుండగానే ఉల్లిపొరలా ఊడి అమ్మ చీరకి అంటుకుంది. అరికాళ్ళు కూడా పగిలినట్టున్నాయి. పిల్లకి నొప్పేం లేదు, ఆ పొర పట్టుకుని లాగుతూ నవ్వుతోంది. మాకే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.

బర్న్స్‌వార్డు_నైట్‌డ్యూటీ:

కంగారు పడకండి తమ్ముడూ, అది రావాల్సిందే. జబ్బు మొదలైన వారానికీ రెండు వారాలకీ మధ్య అరచేతులు, అరికాళ్ళు ఇలా పొరలు ఊడతాయి, కింద కొత్త చర్మం లేతగా వచ్చేసి ఉంటుంది. మాలో కొందరు డాక్టర్లు ఇది చూశాకే తమ డయాగ్నోసిస్ కరెక్టని పూర్తిగా ఒప్పుకుంటారు. పొర లాగనివ్వకండి, గోళ్ళు తీసెయ్యండి, కొబ్బరినూనె రాస్తే చాలు, కాలిన పుండు మీద మాత్రం రాయొద్దు. ఇంకో మాట ముందే చెబుతున్నాను, లేకపోతే అప్పుడు మళ్ళీ ఇలాగే టెన్షన్ పడతారు. రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలొచ్చు, గోళ్ళు కూడా ఊడొచ్చు. మళ్ళీ వచ్చేస్తాయి.

మేనమామ_తణుకు:

జుట్టు గురించి బెంగలేదక్కా. ఐసీయూ బయట కూర్చున్న మొదటి రాత్రే మా అమ్మ పాపకీ బావకీ కలిపి తిరుపతిలో గుండు మొక్కేసింది. బావకి ఇంకా చెప్పలేదు.